జనరేటర్ అనుకున్న గొంతు

2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధుల దీక్షా ఉత్సవం జరిగింది. నేనప్పుడు గుంటూరులో, బ్యాంకు ఉద్యోగంలో కొత్త. ఊరు ఊరంతా ఎర్రబట్టల సన్యాసులతో నిండిపోయిందని పేపర్లో చూసి, సెలవు రోజున ఒక్కణ్ణే బస్సెక్కాను. భక్తితో కాదు, జనాన్ని చూద్దామని. లక్షకు పైగా వచ్చారన్నారు. స్తూపం దగ్గర్నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఎక్కడ చూసినా టిబెటన్లే. మిరపకాయ బజ్జీల బండి దగ్గర కూడా జపమాలలు తిప్పుకుంటూ నిలబడి ఉన్నారు.

మైకుల్లోంచి ఏదో గుర్రుమని ఒకటే మోత. పక్కన కూర్చున్న పెద్దాయనతో, "ఈ జనరేటరేదో కాస్త దూరంగా పెట్టించాల్సిందండీ" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. "అది జనరేటర్ కాదు బాబూ. పాడుతున్నారు."

అప్పటికి నాకు ఏడెనిమిదేళ్ళ సంగీతం వచ్చు. వర్ణాలూ, పాతిక ముప్పై కీర్తనలూ. మనిషి గొంతునీ డీజిల్ ఇంజన్నీ గుర్తుపట్టలేకపోయానన్న సిగ్గు చాలాకాలం నన్ను వదల్లేదు.

అసలా ఊళ్ళోనే ఎందుకు చేశారో కూడా తర్వాతే తెలిసింది. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొట్టమొదట చెప్పింది ధాన్యకటకంలోనని టిబెటన్ల నమ్మకం. అంటే మన అమరావతి పక్కనున్న ధరణికోట. లాసా దగ్గరి డ్రెపుంగ్ మఠం పేరుకి వాళ్ళ భాషలో అర్థం 'బియ్యపు కుప్ప'. ధాన్యకటకాన్ని తర్జుమా చేసి పెట్టుకున్న పేరది. మన కృష్ణ ఒడ్డు ఊరి పేరు హిమాలయాలు దాటి అక్కడ మఠమైంది. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

తర్వాత పన్నెండేళ్ళకి నాకు మైసూరు ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడి కొలీగ్ ఒకతను మాటల్లో, "హుణసూరు దగ్గర మీ జనరేటర్ వాళ్ళ మఠం ఉంది సార్" అన్నాడు. ఆ కథ ఆఫీసంతా తెలుసు, నేనే చెప్పుకుని నవ్వించేవాణ్ణి.

టిబెట్ బౌద్ధంలో గెలుగ్ అనే సంప్రదాయానికి రెండు తంత్ర విద్యాలయాలు: గ్యూమే, గ్యూతో. గ్యూమేని 1433లో, ఆ సంప్రదాయానికి మూలపురుషుడైన సోంగ్‌ఖపా శిష్యుడు షెరాబ్ సెంగే స్థాపించాడు. ఆయన శిష్యుడు కుంగా ధోండుప్ తర్వాత నలభై ఏళ్ళకి గ్యూతోని మొదలుపెట్టాడు. 1959లో దేశం వదిలి వచ్చాక రెండూ మొదట డల్హౌసీలో తలదాచుకున్నాయి. తర్వాత గ్యూతో అరుణాచల్ మీదుగా ధర్మశాల దగ్గరి సిద్ధబాడికి చేరింది. గ్యూమే మాత్రం కర్ణాటకలో హుణసూరు దగ్గర గురుపురలో స్థిరపడింది. ఆ పక్కనే బైలకుప్పె, బంగారు విగ్రహాల గుడికి జనం తండోపతండాలుగా వెళ్ళేది. హుణసూరు వైపు మళ్ళేవాళ్ళు తక్కువ. విదేశీయులు ఈ సెటిల్‌మెంట్లలో రాత్రి ఉండాలంటే కేంద్రం అనుమతి కావాలి. మనకి అక్కర్లేదు.

నాకు ఆ దారిలో మొదటి ఆశ్చర్యం మఠం కాదు, పొగాకు. మాది కందుకూరు దగ్గర పల్లె. మా నాన్న ముప్పై ఏళ్ళు వర్జీనియా పొగాకు వేశాడు. హుణసూరు దాటగానే రోడ్డుకి రెండు వైపులా అదే ఆకు, ఆకుని వేడికి ఆరబెట్టే అవే బ్యారన్లు. అక్కడెక్కడో మైసూరు జిల్లాలో మా ఊరి వాసన ముక్కుకి తగిలితే ఆటో ఆపించి రెండు నిమిషాలు నిలబడ్డాను. ఆటో అతను నేను బీడీ కోసం దిగాననుకున్నాడు.

తెల్లవారక ముందే ప్రార్థన మొదలవుతుందని ముందురోజు రాత్రే వెళ్ళి గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాను. పొద్దున హాలు చివర గోడవారన కూర్చోమన్నారు. వరసలు వరసలుగా పొట్టి పరుపులు, వాటిమీద మందపాటి పైవస్త్రాలు కప్పుకుని వందలమంది. పది పన్నెండేళ్ళ పిల్లలు పెద్ద పెద్ద కెటిళ్ళు మోసుకుంటూ వరసల మధ్య పరుగు, టీ పోయడానికి. ఉప్పూ వెన్నా వేసిన టీ అది. దాన్ని టీ అనుకుని తాగితే కష్టం, పల్చటి చారు అనుకుంటే సులువుగా దిగుతుంది.

ముందు మామూలుగా, గబగబా చదివారు. మన వేదపాఠశాల పిల్లలు వల్లె వేసినట్టే. తర్వాత మధ్యలో కూర్చున్న ఒకాయన, పారాయణకి ముందుండి నడిపించే ఆయన్ని వాళ్ళు 'ఉమ్జే' అంటారు, ఒక్కడే మొదలుపెట్టాడు. గొంతు ఎత్తుకోవడం కాదది, భూమిలోకి దించడం. ఆయన వెనకే మిగతావాళ్ళు. నేను కూర్చున్న చెక్క నేల సన్నగా అదిరింది. ఒక్కో అక్షరాన్నీ ఎంత సాగదీస్తారంటే, ఒక పాదం పూర్తయ్యేలోపు నేను నా ఇంటి లోను వాయిదాల గురించి ఆలోచించడం మొదలుపెట్టి, ముగించి, మళ్ళీ వెనక్కి వచ్చాను. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోరు. ఒకరు ఆగినచోట పక్కవాళ్ళు మోస్తుంటారు, అందుకని ధార తెగదు.

అప్పుడు వినిపించింది, పైన ఎక్కడో సన్నగా, పిల్లనగ్రోవి లాంటి ఒక స్వరం. మొదట గ్యాలింగ్ అనుకున్నాను. అది వాళ్ళ సన్నాయి, ఊపిరి తెగకుండా బుగ్గల్లో గాలి నిలిపి ఊదుతారు. కానీ వాద్యాలన్నీ గోడకి ఆనించి ఉన్నాయి, ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. తలెత్తి దూలాల వైపు చూశాను. పక్కనున్న కుర్ర సన్యాసి నన్ను చూసి మూతి బిగించి నవ్వాపుకున్నాడు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అలాగే పైకి చూస్తాడట.

ఇక్కడ మా గురువుగారి మాట చెప్పాలి. కందుకూరులో ఆయన పాఠం మొదలుపెట్టే ముందు తంబూరా శ్రుతి చేసి, పది నిమిషాలు ఎవర్నీ నోరెత్తనిచ్చేవారు కాదు. "గాంధారం వినపడిందా?" అనేవారు. తంబూరాకి ఉండేది పంచమం, షడ్జాలు, అంటే 'పా', 'సా' తీగలు. గాంధారం, అంటే 'గా', దాని తీగే లేదు. నాకప్పుడు పదేళ్ళు. ఏమీ వినపడేది కాదు. "వినపడిందండీ" అని ఏడాదిపాటు అబద్ధం చెప్పాను. ఒక సాయంత్రం కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడు నిజంగానే వినిపించింది. మంద్ర షడ్జం తీగలోంచి, ఎవరూ మీటని అంతర గాంధారం. ఎవరూ పుట్టించకుండా తనంతట తానే పుడుతుంది కనక దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఏ తీగైనా, ఏ గొంతైనా మోగితే అసలు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగంతో కదిలే ఉపస్వరాలు కూడా మోగుతాయి. అందులో మూడోది పంచమం, అయిదోది గాంధారం, ఆరోది మళ్ళీ పంచమం. మామూలు గొంతులో ఇవన్నీ కలిసిపోయి, 'ఇది ఫలానావాడి గొంతు' అనే రంగుగా మాత్రమే తెలుస్తాయి. వీళ్ళు ఆ కలిసిపోయినదాంట్లోంచి ఒకదాన్ని పట్టి పైకి లాగుతున్నారు.

ఆ హాల్లో నాకు వినిపించింది పంచమం. ఇంటికొచ్చి గ్యూతో వాళ్ళ పాత రికార్డింగు హెడ్‌ఫోన్‌లో వింటే గాంధారం. నా చెవే పాడైందేమో అనుకున్నాను. వియత్నాంలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ట్రాన్ క్వాంగ్ హై అనే సంగీత పరిశోధకుడు ఇదే సంగతి రాశాడని తర్వాత చదివాను: గ్యూతో వాళ్ళది పదో ఉపస్వరం, గ్యూమే వాళ్ళది పన్నెండోది. పది అంటే అయిదుకి రెట్టింపు, గాంధారమే. పన్నెండు అంటే పంచమమే. గురుశిష్యులు పెట్టిన రెండు మఠాలూ ఒకే తంబూరాని చెరో స్వరమూ పంచుకున్నట్టున్నాయి.

ఇక ఇది నేర్చుకోవాలన్న పిచ్చి పట్టింది.

ప్రార్థన అయ్యాక, హిందీ బాగా వచ్చిన ఒక పెద్ద సన్యాసిని అడిగాను. గెన్-లా అంటారు ఆయన్ని. 'లా' అంటే మన 'గారు' లాంటిది. ఆయన మర్యాదగానే కుదరదన్నారు. అది పాట కాదు, తంత్ర సాధనలో భాగం, దీక్ష ఉండాలి, దానికి ముందు ఏళ్ళ తరబడి చదువుండాలి. "మీకు కావలసింది గొంతే అయితే, గొంతు ఎక్కడైనా దొరుకుతుంది" అన్నారు. అప్పుడు ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది.

సరే, ఎక్కడైనా దొరుకుతుంది కదా అని ఇంటర్నెట్‌లో పడ్డాను. ఇది నేను చేసిన మొదటి తప్పు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. గొంతు బిగించమని ఒకడు, వదిలెయ్యమని ఇంకొకడు. నేను బిగించాను. మూడు వారాలు, రోజూ సాయంత్రం అరగంట, తలుపులు వేసుకుని, సినిమాల్లో రాక్షసుడు నవ్వినట్టు. మా ఆవిడ రెండో రోజే అంది: "రాత్రంతా గురక పెడుతూనే ఉంటారు కదండీ, పగలు కూడా ప్రాక్టీసు దేనికి?" పక్క ఫ్లాటు కన్నడ ఆంటీ మా మిక్సీ చెడిపోయిందనుకుని వాళ్ళ మిక్సీ తెచ్చిచ్చింది. ఆ మంచితనానికి ఏం చెప్పాలో తోచక తీసుకుని, మర్నాడు కొబ్బరి పచ్చడితో సహా తిరిగిచ్చాం.

మూడో వారం చివర గొంతు పోయింది. కౌంటర్లో ఎవరైనా ఏదైనా అడిగితే గాలి తప్ప మాట రాలేదు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే ముక్కులోంచి సన్నటి కెమెరా దించి తెరమీద నాకే నా గొంతు చూపించారు. తెల్లగా మెరుస్తూ రెండు పట్టీలు, అవి స్వరతంత్రులు. తెల్లగా ఉండాల్సినవి అంచుల్లో ఎర్రబారి వాచి ఉన్నాయి. వాటి పైన రెండు వైపులా గులాబి రంగు కండ మడతలు.

"అవేమిటి డాక్టర్?" అని కాగితం మీద రాసి చూపించాను.

"వాటిని ఫాల్స్ కార్డ్స్ అంటారు. నకిలీ తంత్రులు. మాటకి వాటితో పని లేదు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టడానికి, పొలమారినప్పుడు దారి మూయడానికి. మీరు చేసిన ఘనకార్యం వల్ల అసలువి రుద్దుకుని వాచాయి." పది రోజులు మౌనం. గుసగుసలాడటం కూడా వద్దన్నారు, అదీ గొంతుకి శ్రమేనట.

ఆ పది రోజులూ మా ఇల్లు ప్రశాంతంగా ఉందని మా ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఆ గులాబి మడతలే కళ్ళముందు ఆడాయి. మాట్లాడలేను కనక చదివాను. హ్యూస్టన్ స్మిత్ అనే అమెరికన్ మతాధ్యయన పండితుడు 1964లో గ్యూతో సన్యాసుల పారాయణ విని, వందమంది పాడుతున్నారనుకున్న ఆ స్వరమేళం ఒక్కొక్కడి గొంతులోంచీ వస్తోందని గ్రహించి రికార్డు చేసి తీసుకెళ్ళాడు. ఎం.ఐ.టి.లో కెన్నెత్ స్టీవెన్స్ అనే ధ్వనిశాస్త్రవేత్త దాన్ని విశ్లేషించాడు. 1967లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ తర్వాత రోజుల్లో, ఇలాంటి గొంతుతో పాడే మంగోలియా పద్ధతి గాయకుల గొంతుల్లోకి వేగంగా తీసే కెమెరాలు దించి చూసినవాళ్ళకి అసలు కిటుకు దొరికింది. డాక్టరు పనికిరావన్న ఆ నకిలీ తంత్రులే! అసలు తంత్రులు రెండుసార్లు కదిలేలోపు ఇవి ఒక్కసారి కదులుతాయి. దాంతో చెవికి అందే స్వరం సరిగ్గా ఒక స్థాయి, అంటే 'సా' నుంచి కింది 'సా' దాకా, దిగిపోతుంది. అంటే గొంతుని కిందికి తొక్కక్కర్లేదు. మామూలు శ్రుతిలో హాయిగా పాడుతూ, పైనున్న రెండో జతని పిలవాలి. నేను మూడు వారాలు చేసింది తలుపు తట్టాల్సిన చోట గోడ గుద్దడం.

టువాలో ఈ కింది గొంతుని కర్గిరా అంటారు. టువా అంటే మంగోలియాకి ఉత్తరాన, రష్యాలో ఉన్న చిన్న రిపబ్లిక్. పశువులు కాచుకునేవాళ్ళ విద్య అది. నదుల్నీ గాలినీ గుర్రాల్నీ అనుకరిస్తూ పుట్టిందని చెప్పుకుంటారు. వాళ్ళకి సిగిత్ అని ఈలలాంటి ఇంకో పద్ధతీ ఉంది, దాంట్లో కింది స్వరం కదలకుండా పైన పాటకి పాటే వాయించేస్తారు. మఠాల్లో అలా రాగాలు తీయరు, ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబడతారంతే. శరీరంలో యంత్రం ఒకటే, దాంతో చేసే పని వేరు. ఈ రెంటినీ కలిపేసి, ఇత్తడి గిన్నెలు పక్కన పెట్టి, 'టిబెటన్ నాద చికిత్స' అని గంటకింత అని వసూలు చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి క్లాసులో ఒకసారి చేరి వచ్చాను కూడా. పారాయణ గురించి ఒక్క ముక్క చెప్పలేదు గానీ, నా ఎడమ మూత్రపిండం ఏ స్వరంలో ఉందో చెప్పారు.

చివరికి టువాలో ఉండి నేర్చుకుని వచ్చిన ఒక యూరప్ ఆయన ఆన్‌లైన్‌లో దొరికాడు. శనివారం పొద్దున ముప్పావు గంట. మంత్రాల ఊసు ఎత్తనని ఆయన ముందే చెప్పాడు, నాకూ అదే కావాలి. మొదటి నెలంతా ఆయన చేయించింది మూడే పనులు. ఒకటి, గ్యాస్ సిలిండర్ ఎత్తబోతున్నట్టు ఊహించుకుని ఊపిరి బిగపట్టడం. ఎత్తేటప్పుడు గొంతులో ఏదో మూసుకుంటుంది చూడండి, ఆ మూసుకునేవే నకిలీ తంత్రులు. అక్కడ ఉన్నాయని ముందు తెలియాలి. రెండు, దాన్ని పూర్తిగా కాకుండా సగం, పావు, ఇంకా తక్కువ మూయడం. మూడు, అరుగు మీద కూర్చున్న తాతయ్య మాట మొదలెట్టే ముందు గొంతు సవరించుకున్నట్టు, కానీ పదిరెట్లు నిదానంగా, నొప్పి లేకుండా. నొప్పొస్తే ఆపు, దగ్గొస్తే నీళ్ళు తాగు, అయిదు నిమిషాలకి మించొద్దు. అయిదు నిమిషాల దగ్గర ఆగడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

ఫోన్‌లో ధ్వనిని గీతలుగా చూపించే యాప్ ఒకటి పెట్టుకున్నాను. నాది ఒకటో శ్రుతి. 'సా' పట్టుకుంటే 131 హెర్ట్జ్ దగ్గర ఒక గీత, పైన 262, 393, అలా నిచ్చెన మెట్లలా. ఆ కింద ఖాళీ. నలభై రోజుల పైనే అయ్యాక, ఒక పొద్దున బాత్రూంలో పళ్ళు తోముకుని ఊరికే 'సా' అంటుంటే గొంతులో ఏదో మెత్తగా వచ్చి వాలింది. సబ్బుపెట్టె గజగజలాడింది. గట్టున పెట్టిన ఫోన్‌లో 65 దగ్గర కొత్త గీత మెరిసి పోయింది. అర సెకను ఉంటుందేమో. నేను దాని కోసం ఏమీ చేయలేదు, శ్రమ కూడా పడలేదు. ఎంత సంబరపడ్డానంటే మళ్ళీ గట్టిగా ప్రయత్నించాను, అంతే, రాలేదు. నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు, దాని సంగతి మర్చిపోయి కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతుంటే వచ్చింది.

అక్కణ్ణుంచి నిదానంగా పెరిగింది. రెండు సెకన్లు, అయిదు, పది. పొద్దున నిద్ర లేచిన వెంటనే సులువు. పెరుగన్నం తిన్నాక నాకు అస్సలు కుదరదు. మధ్యలో గొంతులో ఈక పెట్టి గెలికినట్టు ఒక దురద, ఆపుకోలేని దగ్గు. రెండు నెలలకి అదీ తగ్గింది. ముందుజాగ్రత్తగా అదే డాక్టరు దగ్గరికి వెళ్ళి కెమెరా ముందు పాడి చూపించాను. వాపేమీ లేదు. ఆయన నర్సుని కూడా పిలిచి చూపించారు. "ఇరవై ఏళ్ళ నుంచి వీటిని పనికిరానివని చెప్తున్నానండీ" అని నవ్వి, ఫీజు మాత్రం తీసుకున్నారు.

కింది స్వరం వచ్చిందంటే పైది దానంతట వస్తుందనుకున్నాను. రాదు. అది నోటి పని. పెదాలు ముందుకి చాచి గుండ్రంగా 'ఓ' అనాలి, దవడ వేలాడనివ్వాలి, నాలుక వెనక్కి లాగాలి. ఆ 'ఓ' ని వెంట్రుకవాసి 'ఆ' వైపు జరుపుతూ పోతే, నిచ్చెనలో ఒక్కో మెట్టే వెలిగి ఆరిపోతుంటుంది. పదో మెట్టు దగ్గర ఆగాలి. 65కి పదింతలు, 650 పైచిల్లర. అక్కడ ఆగడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. యాప్ చూస్తూ చేస్తే కుదర్లేదు. తంబూరా పెట్టుకుని, అందులో గాంధారం చెవికి పట్టాక, కళ్ళు మూసుకుని దాని పక్కకి నోటిని జరుపుకుంటూ వెళ్తే కుదిరింది. మా గురువుగారు బతికుంటే వెళ్ళి కూర్చుని "ఇప్పుడు నిజంగానే వినపడిందండీ" అనేవాణ్ణి.

ఆ ఊపులో మళ్ళీ గురుపుర వెళ్ళాను, ఈసారి మా ఆవిడతో. తనకి పారాయణ కంటే అక్కడి వేడివేడి నూడుల్స్ సూపు, థుక్పా నచ్చింది. అదే గెన్-లా ఉన్నారు. గుర్తుపట్టారు. టీ పోయించి కూర్చోబెట్టారు. నా దగ్గర ప్రశ్నల చిట్టా ఉంది. మొదటిది: "మీరు పాడేటప్పుడు ఆ పై స్వరాన్ని ఎలా గురిపెడతారు?"

"ఏ పై స్వరం?" అన్నారాయన.

ఫోన్‌లో వాళ్ళదే రికార్డింగు పెట్టి, పంచమం దగ్గర నేను సన్నగా ఈల వేసి చూపించాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, "ఆఁ, ఇదా" అన్నారు, ఇంట్లో ఎప్పణ్ణుంచో ఉన్న గోడ గడియారం చప్పుడు ఎవరో గుర్తుచేసినట్టు. పారాయణ చేసేటప్పుడు దేవతా రూపం కళ్ళముందు నిలవాలి, మంత్రం తప్పకూడదు, దాని అర్థం జారకూడదు. మూడింటినీ ఒకేసారి పట్టుకోవడమే జీవితకాలపు పని అన్నారు. గొంతు వాటి వెనకాల నడిచి వస్తుంది. చిన్నప్పుడు నేర్చుకునే రోజుల్లో మాత్రం గొంతు గురించే ఏడుస్తారట, బొంగురుపోయి, జ్వరాలొచ్చి. అందరికీ వస్తుందా అంటే, రాదన్నారు. రానివాళ్ళు మామూలు గొంతుతోనే కలుపుతారు, అంత ధారలో ఎవరికి తెలుస్తుంది?

షెరాబ్ సెంగే గురించి ఒక కథ చెప్తారు. 1433లో ఆయనకి ఒక కల వచ్చిందట. అడవి ఎద్దు గుర్రుమన్నట్టు ఒక గొంతు, దాంతోపాటే పసిపిల్లలు పాడినట్టు ఇంకో గొంతు, రెండూ ఒకే నోట. లేచాక ఆ గొంతుతో పారాయణ చేశాడని కథ. నేను దాని గురించి అడిగితే గెన్-లా నవ్వారు. తమ భాషలో ఈ గొంతుని జో గొంతు అంటారని చెప్పారు. జో అంటే ఆవుకీ జడలబర్రెకీ పుట్టే పశువు. "మీకు వచ్చిందన్నారుగా, ఏదీ?" అన్నారు.

నేను సర్దుకుని కూర్చున్నాను. మూడుసార్లు దగ్గాను. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి వచ్చింది, పదిహేను సెకన్లుంటుంది, గాంధారంతో సహా. టీ కెటిళ్ళ పిల్లలు నలుగురు గుమ్మం దగ్గర గుమిగూడి ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వారు. గెన్-లా మాత్రం కళ్ళు మూసుకుని చివరిదాకా శ్రద్ధగా విన్నారు.

"బాగుంది. అచ్చం జో లాగే ఉంది" అన్నారు. తర్వాత కప్పులో మిగిలిన టీ తాగి, "కానీ జోకి శ్లోకం రాదు కదా" అన్నారు.

తిరుగు దారిలో మా ఆవిడ హుణసూరు దాటేదాకా నవ్వుతూనే ఉంది. ఏమైనా గొడవైనప్పుడు ఇప్పటికీ మా ఇంట్లో ఆ మాట వాడుతుంది.

నేను వదిలెయ్యలేదు. శనివారం క్లాసులు మానేశాను గానీ పొద్దున అయిదు నిమిషాలు పాడుకుంటాను. వాళ్ళ మంత్రం ఒక్కటీ ఆ గొంతులో పెట్టలేదు, పెట్టను. మన శ్లోకం ఏదైనా పెడదామా అని 'శుక్లాంబరధరం' ప్రయత్నించాను. హల్లులు వచ్చిన ప్రతిచోటా గొంతు జారిపోయింది. వాళ్ళు అక్షరాల మధ్య అర్థం లేని అచ్చులు చేర్చి ఎందుకు అంత సాగదీస్తారో అప్పుడు తెలిసింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. పొగాకు మానేసి ఏళ్ళయింది, మా బ్యారన్ ఖాళీగా పడి ఉంది. లోపల కర్రలు తీసేశారు, నాలుగు ఇటుక గోడలూ పైన రేకులూ అంతే. రెండు తాటిచెట్లంత లోతున్న బావిలో నిలబడ్డట్టుంటుంది. అలాంటి చోటు దొరికితే ఎవరాగుతారు? తలుపు దగ్గరికి వేసి మొదలుపెట్టాను. గోడలు అందుకుని నా గొంతు నాకే పదింతలు చేసి ఇచ్చాయి. ఎంతసేపయిందో తెలియదు.

తలుపు కిర్రుమంది. మా బాబాయి కొడుకు, గేదెలకి మేత వేయడానికి అటు వచ్చినట్టున్నాడు, గంప చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందన్నా, నువ్వా! కరెంటు లేదు గదా, మోటరెట్టా తిరుగుతుందబ్బా అని వచ్చా."

"మోటరు కాదురా, పాడతన్నా."

వాడు నమ్మలేదు. ఏదీ అన్నాడు. మళ్ళీ పట్టాను. వాడు కాసేపు నా నోటివైపు చూసి, గంప కింద పెట్టి, తలెత్తి రేకుల సందుల్లో వెతకడం మొదలుపెట్టాడు.

"ఆగన్నా ఆగు. పైన పిట్టేదో దూరినట్టుంది."